డాక్టరమ్మ కారుకు గొలుసు

నా సర్వీసు మొత్తంలో లెక్కలేనన్ని బండ్లు బాగుచేశాను. కాపలా కాసింది మాత్రం ఒక్కదాన్నే. మిగిలినవన్నీ రోడ్డెక్కాయి. కాపలా కాసిన బండే నా పరువు తీసింది.

గోదావరిఖనిలో కంపెనీ మోటారు గ్యారేజీకి నేను చార్జ్‌హ్యాండ్‌ని. అది కాగితాల మీద పేరు. నోటి మీద అందరికీ మేస్త్రినే. జీపులు, లారీలు, దవాఖానా అంబులెన్సు అన్నీ మా చేతికే వచ్చేవి. ఏ సామాను కావాలన్నా స్టోర్సుకు ఇండెంటు రాయాలి. ఇండెంటు రాసినవాడు రిటైరై ఇంటికి పోయాక సామాను దిగిన సందర్భాలు నాకు తెలుసు. అందుకని మా గ్యారేజీవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇక పనికిరాదని కంపెనీ తేల్చిన బండిని 'సర్వే ఆఫ్' అయిందనేవాళ్లం. అది గ్యారేజీ వెనకకు చేరిందంటే దాని సామాన్లు విప్పి నడిచే బండ్లకు వేసేవాళ్లం. ఒక బండి చస్తే పది బండ్లు బతికేవి.

దానికీ ఒక మర్యాద ఉండేది. మొదటి సామాను మేస్త్రి తన చేత్తో విప్పాలి. మేస్త్రి చెయ్యి పడేదాకా ఎవరూ ఒక స్క్రూ కూడా ముట్టరు. పడ్డాక ఎవరినీ అడగాల్సిన పని లేదు. ఏం విప్పారో, ఏ బండికి వేశారో వెనక గోడ మీద సుద్దముక్కతో రాస్తే చాలు. నాకు ముందున్న మేస్త్రి పెట్టిన పద్ధతి ఇది. నా హయాంలో వీసమెత్తు తప్పకుండా నడిపాను.

పందొమ్మిది వందల డెబ్బై దాటిన కొత్తలో మా దవాఖానా డాక్టరమ్మ రిటైరయ్యారు. ఆమెది గుంటూరు వైపు. పెళ్లి చేసుకోలేదు. మా కాలనీల్లో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లోనే కళ్లు తెరిచారు. నా ముగ్గురు పిల్లలూ అంతే. మూడోవాడు పుట్టగానే పెట్టిన ఏడుపు విని, "నీ గ్యారేజీలో ఏ బండీ ఇంత చప్పుడు చెయ్యదు మేస్త్రీ" అన్నారు.

ఆమెకు ఒక నల్ల కారుండేది. పూర్వం ఆమె వేరే గనుల్లో పనిచేసినప్పుడు అక్కడి తెల్ల మేనేజరు తన దేశం పోతూ అమ్మిపోయిన ఇంగ్లీషు కారు. రెండు పెద్ద దీపాలు, తోలు సీట్లు, కోపమొచ్చిన బర్రెలాంటి హారను. ఆ హారను వినపడితే ఏ ఇంట్లోనో కానుపని కాలనీ అంతటికీ తెలిసేది.

రిటైరైనవాళ్లు ఆరు నెలల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. డాక్టరమ్మకు పోవడానికి ఒక్క చోటే ఉంది. గుంటూరు దగ్గర అన్నగారి ఇల్లు. అక్కడికి పోవడం ఆమెకు ఇష్టం లేదు. పెద్దపల్లిలో బస్టాండు వెనక ఒక చిన్న పెంకుటిల్లు బేరానికి వచ్చింది. ముందు గదిలో రోగులను చూస్తూ వెనక గదిలో బతకొచ్చు. కారు అమ్ముడైతే పెద్దపల్లి. అమ్ముడు కాకపోతే అన్నగారి ఇల్లు, వదినగారి మాట. పెద్దపల్లి అయితే మాకు గంటన్నర దూరంలో ఉంటారు. అందుకే ఆమెకంటే మాకే ఆ కారు అమ్ముడవ్వాలని ఎక్కువ ఆరాటం.

కానీ అంత పాత కారు మా దగ్గర కొనేదెవరు? అప్పుడొచ్చింది సముద్రం అవతలినుంచి ఉత్తరం. రెండేళ్ల ముందు ఒక తెల్ల ఇంజనీరు కొత్త మిషన్ బిగించడానికి మా గనికి వచ్చాడు. వచ్చిన నెలకే పచ్చకామెర్లతో మంచాన పడ్డాడు. డాక్టరమ్మ నయం చేసి, తన కారులో తిప్పి, మజ్జిగన్నం అలవాటు చేసి పంపారు. వాళ్ల నాన్నకు అచ్చం అలాంటి కారే ఉండేదట. ఆమె రిటైరయ్యారని తెలిసి, కారు నాకే అమ్మండి, ఓడలో తెప్పించుకుంటానని రాశాడు.

డాక్టరమ్మ ఆ ఉత్తరం పట్టుకుని గ్యారేజీకి వచ్చారు.

"సముద్రం అవతలి మనిషి మేస్త్రీ. నమ్మొచ్చంటావా?"

"మనిషి మంచోడేనమ్మా. గాని నడుమ సముద్రం ఉన్నది. నమ్మద్దు" అన్నాను. నేను అప్పటికి సముద్రం చూడనేలేదు.

మర్నాడే పెద్దపల్లి పోయి ఒక ముసలి వకీలును కలిశాను. ఆయన పాన్ నములుతూ నాలుగు ముక్కలు చెప్పాడు.

"పైసలు బ్యాంకుల పడకముందు తాళంచెయ్యి ఇయ్యద్దు. మీ అంతల మీరు ఓడ ఎక్కియ్యద్దు, వాని మనిషొచ్చి చూస్కొని తీస్కపోవాలె. బండి ఎట్లున్నదో గట్లనే రాసియ్యుండ్రి, ఫోటోలు పంపుండ్రి. రేపు లొల్లి ఉండద్దు." తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచి ఇంకో మాట చెప్పాడు. "ఇంకోటి యాదికుంచుకో. సామాను మొత్తం ముట్టిందని కొన్నోడు రాసిన నాడే అమ్మినట్టు. అప్పటిదాక నీ నెత్తిమీదున్నట్టే."

అన్నీ అలాగే చేశాం. పది ఫోటోలు తీయించి పంపాం. కారులో ఏమేం ఉన్నాయో నేను చెబుతుంటే డాక్టరమ్మ ఇంగ్లీషులో రాశారు. సగం డబ్బు బ్యాంకులో పడింది. మిగతా సగం, అతని బొంబాయి ఏజెంటు వచ్చి ఫోటోలతో సరిచూసి సంతకం పెట్టాక. దాంతో ఇల్లు రిజిస్ట్రేషను. బండిని దేశం దాటించే పర్మిషన్ కాగితాలకు రెండు మూడు నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా కారును జాగ్రత్త చేసే పని నాది.

ఎంత జాగ్రత్త చేశానో చెప్పాలి. గ్యారేజీ వెనక రేకుల కింద నిలబెట్టి, నేలదాకా టార్పాలిన్ కప్పాను. రైలు పట్టా ముక్క ఒకటి భూమిలో పాతించి, గనిలో బొగ్గు టబ్బు బండ్లు లాగే గొలుసు తెచ్చి, కారు ముందు చక్రాన్ని ఆ పట్టాకు కట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకు. కాపలాకు వాచ్‌మన్ కాకను పెట్టాను.

"కాకా, దీని మీద పిట్ట గూడ వాలద్దు."

"వాలది బిడ్డా. ఇక్కడికెల్లి లేస్తె ఒట్టు" అన్నాడు కాక. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఎలా నిలబెట్టుకున్నాడో తర్వాత చెబుతాను.

మూడో వారంలో ఒక ఉదయం గనిలో పైకప్పు విరిగిపడి ఒక కార్మికుడి కాలు నలిగింది. అదే సమయానికి అంబులెన్సు డైనమో కాలిపోయింది. బండి నడుస్తుంటే కరెంటు పుట్టించేది డైనమో. అది లేకపోతే బ్యాటరీ ఉన్నంతసేపే బండి. స్టోర్సులో డైనమో లేదు. నేను మారు ఆలోచించలేదు. టార్పాలిన్ ముందు కొస ఎత్తి, డాక్టరమ్మ కారు డైనమో విప్పి, పావుగంటలో అంబులెన్సుకు బిగించాను. ఆ మనిషి సమయానికి దవాఖానా చేరాడు; కొత్త డాక్టరు ఇంకా రాలేదని డాక్టరమ్మే వచ్చి చూశారు, కాలు నిలిచింది. కొత్త డైనమోకు ఇండెంటు రాశాను. రాగానే కారుది కారుకు వేసేద్దామనుకున్నాను. అలవాటుగా గోడ మీద రాశాను: 'డైనమో – అంబులెన్సు.' చేతులు కడుక్కున్నాను.

ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగేముందు పోయి గొలుసు లాగి చూసేవాణ్ణి. గట్టిగా ఉండేది. నిశ్చింతగా ఇంటికి పోయేవాణ్ణి. టార్పాలిన్ ఎత్తితే దుమ్ము పడుతుందని ఎత్తేవాణ్ణి కాదు.

రెండు నెలలకు టెలిగ్రాం వచ్చింది. కాగితాలు తయారయ్యాయి, ఎల్లుండి పొద్దున ఏజెంటు దిగుతున్నాడు. కారును కడిగిద్దామని అందరినీ పిలిచి, తాళంచెవి చేతిలో పట్టుకుని, దర్జాగా టార్పాలిన్ లాగాను.

కారు నాలుగు మొద్దుల మీద కూర్చుని ఉంది. చక్రం ఒక్కటే ఉంది, నేను గొలుసు వేసినది. మిగతా మూడూ లేవు. దీపాలు లేవు, హారను లేదు, అద్దం లేదు. తలుపు తెరిచి చూస్తే వెనక సీటు లేదు. కూర్చుందామని అటూ ఇటూ చూస్తే, వాచ్‌మన్ కాక లేచి తన సీటు చూపించాడు. మెత్తటి నల్ల తోలు సీటు.

"గీడ కూసో బిడ్డా. మస్తు మెత్తగుంటది" అన్నాడు పాపం.

"ఎవడురా ముట్టింది?" అని అరిచాను. గ్యారేజీ అదిరింది. మా ఫిట్టర్ భాయ్ ముందుకొచ్చాడు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, మాతో తెలుగు మాట్లాడేవాడు. పనిలో అతన్ని మించినవాడు లేడు.

"గదేంది మేస్త్రీ సాబ్, గట్లంటరు? నేను దీపాలొక్కటే తీసిన. గోడ మీద రాసిన గూడ."

"నేను టైర్లే తీసిన బావా" అన్నాడు టైర్లు చూసే మనిషి. నా భార్య ఊరివాడు, నాకు బామ్మర్ది వరస. "హారను నా మీద ఎయ్యకు."

"చారానా బుద్ధి గూడ లేదారా మీకు? డాక్టరమ్మ బండని తెల్వదా?"

"తెలుసు" అన్నాడు భాయ్. "అమ్మ కారుకు గిట్లెందుకైంది అని మేం గూడ అనుకున్నం. గాని మీరే మొదలు పెట్టిన్రు గద. బేరం తప్పి సర్వే ఆఫ్ అయిందేమో, అమ్మకు బాధైతదని మీరు బయటికి చెప్తలేరేమో అనుకున్నం."

గోడ వైపు చూశాను. పదకొండు వరసలు. అన్నిటికంటే పైన, గుండ్రటి అక్షరాలతో, నా చేతిరాత. మొదటి సామాను మేస్త్రి విప్పాలి. విప్పాడు. బండి చచ్చిందని నేనే చాటింపు వేసి, దానికి రెండు నెలలు కాపలా కాశాను. సముద్రం అవతలివాడు మోసం చేస్తాడేమోనని పెద్దపల్లి దాకా పోయిన తెలివి, పది అడుగుల దూరంలో ఉన్న గోడ చదవలేదు.

ఎవరినని ఏం లాభం? "ఎల్లుండి పొద్దుగాల్లకు అన్నీ రావాలె" అన్నాను. అంతా కదిలారు. గోడ మీద అన్నీ రాసి ఉండటమే ఆ రోజు మాకు మిగిలిన అదృష్టం.

రెండు చక్రాలు రామకృష్ణాపూర్ గని ట్రాలీకి పోయాయి. బామ్మర్ది రైల్లో గోదావరి దాటి పోయి, వాటిని దొర్లించుకుంటూ స్టేషనుకు తెచ్చి, ప్యాసింజరులో తన పక్క సీట్లో కూర్చోబెట్టాడు. టికెట్ కలెక్టరు ఇవేమిటని అడిగితే, "మా బావ పరువు సారూ. టికెటు తీసుకోవాల్నా?" అన్నాడట. మూడో చక్రం మా నీళ్ల డ్రమ్ము బండికే ఉంది. రోజూ ఆ నీళ్లే తాగుతూ నేను గుర్తుపట్టలేదు.

అద్దాన్ని వాచ్‌మన్ కాక కటింగ్ షాపుకు ఇచ్చాడట, నెలకో క్షవరం బేరం మీద. నేను పోయేసరికి కుర్చీలో ఉన్నతనికి సగం గడ్డమే గీసి ఉంది. "ఈ పక్క గూడ గియ్యనియ్యన్నా, తర్వాత తీస్కపో" అన్నాడు షాపాయన. ఆ రెండో చెంప అయ్యేదాకా నిలబడ్డాను. నాకు అంత పొడుగు చెంప ఎప్పుడూ కనపడలేదు.

హారను పెద్ద సాబు జీపుకు ఉంది. సాబు మీటింగులో ఉండగా భాయ్ పోయి విప్పుకొచ్చాడు. ఆ తర్వాత వారం రోజులు సాబు డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, "జరుగుండ్రి, జరుగుండ్రి" అని అరుస్తూ తిరిగాడు. వాచ్‌మన్ కాక మాత్రం సీటు ఇచ్చేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

రెండో రోజు పొద్దుగూకేసరికి అన్నీ చేరాయి, ఒక్క డైనమో తప్ప. దాన్ని అంబులెన్సునుంచి విప్పితే అంబులెన్సు పడుకుంటుంది. స్టోర్సుకు పోయి అడిగితే, నా ఇండెంటు ఇంకా హైదరాబాదు చేరలేదన్నారు. అప్పుడు నేనొక పాడు పని చేశాను. మూలన పడున్న ఒక చచ్చిన డైనమోకు నల్లరంగు వేసి కారుకు బిగించాను. జీపు బ్యాటరీ పెడితే కారు నడుస్తుంది, ఏజెంటు సంతకం పెడతాడు, డాక్టరమ్మ ఇల్లు నిలుస్తుంది.

"గలత్ పని మేస్త్రీ సాబ్" అన్నాడు భాయ్, పానా నాకు అందిస్తూనే.

"నాకు తెల్వదా? అమ్మ ఇల్లు పోతది" అన్నాను.

పొద్దున ఏజెంటు దిగాడు. తెల్లటి బట్టల్లో పెద్దమనిషి, హిందీలో మెల్లగా మాట్లాడేవాడు. జేబులోంచి మా పది ఫోటోలు తీసి, ఒక్కొక్కటి పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. దీపాలు సరి. సీట్లు సరి. అద్దం సరి, కొంచెం సబ్బు వాసన. హారను కొట్టించి విన్నాడు. పక్క కాలనీలోంచి ఇద్దరు ముసలమ్మలు ఎవరికి నొప్పులని అడుగుతూ వచ్చారు. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. ఆయన కలం తీశాడు. నా గుండె కుదుటపడింది.

అప్పుడే డాక్టరమ్మ వచ్చారు. ఆఖరిసారి ఒకసారి కూర్చుంటానన్నారు. స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నారు. తర్వాత యాక్సిలేటరు తొక్కి, ముందున్న గుండ్రటి మీటర్లలో ఒకదాన్ని వేలితో తట్టారు.

"మేస్త్రీ, ఈ సూది కదలడం లేదేం? పదిహేనేళ్లుగా చూస్తున్నాను. ఇంజను లేస్తే చాలు, ఇది లేచేది."

ఆమె ఏమీ తెలియక అడిగారు. కరెంటు పుడుతుందా లేదా చూపించే సూది అది. చచ్చిన డైనమోకు ఎంత రంగు వేస్తే ఆ సూది కదులుతుంది? ఏజెంటు కలం ఆగింది. అందరూ నా వైపే చూశారు. నా పిల్లలకు పురుడు పోసిన మనిషి ముందు, ఆమె ఇంటి మీదే ఆడిన అబద్ధంతో నిలబడ్డాను. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఉన్నదంతా చెప్పేశాను. గోడ కూడా చూపించాను.

డాక్టరమ్మ కారు దిగి, కళ్లద్దాలు సవరించుకుని, పదకొండు వరసలూ మెల్లగా చదివారు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"పైకప్పు విరిగిన రోజు. కాలు నలిగిన అబ్బాయి. ఆ రోజేనా?"

"ఆ రోజేనమ్మా."

"ఇంకో అరగంట ఆలస్యమైతే ఆ కాలు నేను తీసేయాల్సి వచ్చేది" అన్నారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బానెట్ పట్టుకుని, ఊపిరి ఆడక నవ్వారు. "ఒక్క చక్రానికి గొలుసు వేసి... రోజూ లాగి చూశావా మేస్త్రీ?"

"చూసిననమ్మా. గట్టిగనే ఉన్నది."

ఆ నవ్వు ఆగాక, ఏజెంటుతో ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కారుకు డైనమో లేదు. అంబులెన్సుది విప్పనివ్వను. కొంటే ఇలాగే కొనాలి, లేదా వద్దని రాయండి, అన్నారు. తన ఇల్లు ఆ మాట మీదే ఉందని ఆమెకు నాకంటే బాగా తెలుసు.

ఏజెంటు మొహమాటంగా కలం జేబులో పెట్టుకున్నాడు. ఏ ఒక్కటి తగ్గినా తనకు సంతకం పెట్టే అధికారం లేదన్నాడు. ఫోటోలో ఉన్నది, బండిలో లేనిది, గోడ మీదున్నది అంతా రాసుకుని, జవాబు వచ్చేదాకా ఆగుతానని పెద్దపల్లి లాడ్జీకి పోయాడు. డాక్టరమ్మ క్వార్టరులో సామాన్లు కట్టడం మొదలుపెట్టారు. పెట్టెల మీద గుంటూరు అడ్రసు రాస్తుంటే మా ఆవిడ చూసి వచ్చి, ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. పెట్టినా తినేవాణ్ణి కాదు.

అయిదో రోజు టెలిగ్రాం పట్టుకుని ఏజెంటే వచ్చాడు. డాక్టరమ్మ చదివి మాకు తెలుగులో చెప్పారు: 'కొంటున్నాను. నాకు కామెర్లు వచ్చినప్పుడు నన్ను మోసింది ఆ అంబులెన్సే. అది బతికున్నన్నాళ్లు డైనమో దానికే. అది చచ్చాక నాది నాకు పంపాలి. గొలుసు కారుతో పాటు రావాలి.'

అమ్మకం కాగితంలో ఆ షరతు కూడా రాశారు. అలాంటి కాగితం తన జన్మలో చూడలేదన్నాడు పెద్దపల్లి వకీలు. కారు గూడ్సులో బొంబాయి పోయింది, గొలుసు వెనక సీటు మీద చుట్టుకుని. డాక్టరమ్మ పెద్దపల్లిలో దిగారు. మొదటి వారంలోనే ముందు గది చాలక అరుగు మీద బెంచీ వేయాల్సి వచ్చింది. ఆ బెంచీ మేమే చేసిచ్చాం. తీసుకుంటూ, "ఏ బండిది?" అని అడిగారు.

ఆ అంబులెన్సు ఇంకో ఆరేళ్లు తిరిగింది. చివరికి ఒక వానాకాలం దాన్ని సర్వే ఆఫ్ చేశారు. గ్యారేజీ వెనక, అదే రేకుల కింద నిలబెట్టాం. నా ఇండెంటు అప్పటికీ రాలేదు. అంతా చుట్టూ నిలబడి నా చేతికి పానా ఇచ్చారు. నేను డైనమో విప్పాను. కిరోసిన్‌తో కడిగి, గోనెపట్టాలో చుట్టి, గోడ మీద రాశాను: 'డైనమో – డాక్టరమ్మ కారు.'

"మేస్త్రీ సాబ్, గా కారు ఏ గనిల ఉన్నదని రాయాలె?" అన్నాడు భాయ్.

"సముద్రం అవతల అని రాయి" అన్నాను.

డాక్టరమ్మ దాన్ని పార్శిలు చేయించారు. నాలుగు నెలల తర్వాత కబురంపితే పెద్దపల్లి పోయాను. అరుగు మీద పదిమంది గర్భిణులు కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్లను ఆగమని చెప్పి, తన కేరాఫ్‌తో నా పేరున వచ్చిన విదేశీ కవరు తెచ్చి నా ముందే తెరిచారు. లోపల రెండే వరసలు. సామాను మొత్తం ముట్టింది. సూది కదిలిందని డాక్టరమ్మకు చెప్పండి.

ఆమె ఆ కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టారు.

"పోయి మీ వకీలుకు చూపించు మేస్త్రీ. ఇవాళ్టికి బండి అమ్మాం."